దర్వాజతో మొదలైన కంప్యూటరు

గత మాసం నల్లగొండలో మా అమ్మాయి ఇంట కొన్ని దినాలు గడిపాను. ఆమె ఆటలకోసం ఒక కంప్యూటరును తానే కూర్చుకుంటున్నది. రోజుకొక అట్టపెట్టె వచ్చి ముందుగదిలో చేరుతున్నది. ఏ భాగం దేనితో పొసగుతుందో ఎట్లా తెలుసుకుంటున్నావమ్మా అని అడిగితే, తన చేతిలోని తెర చూపింది. ఒక్కొక్క భాగాన్ని ఎంచుకున్న కొలదీ దాని పక్కన ఆకుపచ్చని గుర్తు పడుతున్నది. "కలవకపోతే ఎర్రగ చూపిస్తది నాన్నా. అంతే" అన్నది. ఆ తరువాత ఆమె ఒక పెట్టె మూత తెరిచింది. కొత్త ప్లాస్టిక్కు, మెత్తటి నురుగు దిండు, ఇంకా చేయి సోకని లోహం - ఇవన్నీ కలిసిన వాసన గుప్పుమన్నది. ఏదో పని ఉన్నవానివలె లేచి వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. ఆ వాసనను నేనెరుగుదును. మా ఇంటిలో అది టేకుపొట్టుతోనూ ఆముదంతోనూ కలిసి ఉండేది.

మక్తల్‌లో మా ఇల్లు సగం ఇల్లు, సగం కార్ఖానా. మా నాయిన వడ్రంగి. ముంగిట వేసిన రేకుల పందిరి కింద ప్రాతఃకాలముననే చిత్రిక చప్పుడు మొదలయ్యేది. మొదటి పొర చెక్కనుండి చుట్టలు చుట్టుకొని నేలపై పడేవరకు నాయిన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఎవరైనా పలకరిస్తే చేయెత్తి ఆగమనేవాడు. కొలతకు ఇనుప పట్టీ ఉన్నా ముందు జానతో కొలిచి, పిదప పట్టీతో సరిచూచుకొని, రెండూ ఒక్కటే అయితే తనలో తాను చిన్నగా నవ్వుకునేవాడు. టేకు వాసన తీపి, వేప వాసన చేదు. చెక్కలు అతకడానికి పొయ్యిపై కాగే సరేసు బంక వాసనకు మాత్రం కొత్తవారు ముక్కు మూసుకునేవారు. మాకు అది అన్నం ఉడికే వాసనకంటె భిన్నంగా తోచేది కాదు. అమ్మ మా చిన్ననాడే పోయింది. మమ్ములను పెంచినది నాయిన తల్లి, మా అవ్వ. ఆమె దినచర్య అంతా మా తమ్ముడు మోనేశు చుట్టూ తిరిగేది. తెల్లవారగానే ఆముదం వెచ్చచేసి వాని కాళ్ళకు మర్దించేది. ఆ కాళ్ళలో సత్తువ అప్పటికి ఎన్నో ఏండ్లుగా లేదు. అయినను అవ్వ ఒక్క దినమైనా మానలేదు.

మోనేశుకు వచ్చినది కండరాలు క్రమక్రమంగా కరిగిపోయే వ్యాధి. బడికి పోయే తోవలో కారణం లేకుండా పడిపోతూ ఉండేవాడు. కొంతకాలానికి లేవడమే మానినాడు. పట్నంలో పెద్ద దవాఖానలోని వైద్యుడు వానిని బయట కూర్చుండబెట్టి నాయినకూ నాకూ మాత్రమే చెప్పినాడు: కాళ్ళ తరువాత చేతులు, చేతుల తరువాత వేళ్ళు, ఆ పైన ఊపిరి. మందు లేదన్నాడు. నాయిన తిరుగు ప్రయాణమంతా కిటికీ బయటికే చూచినాడు. ఇల్లు చేరిన మరునాడు టేకుతో ఒక కుర్చీ చేసి, దానికి చక్రాలు బిగించినాడు. వైద్యుని మాట ఆ ఇంట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అవ్వకు చెప్పనే లేదు.

నాకు తెలుగు పండితునిగా ఉద్యోగం దొరికిన తొలి దినాలవి. ప్రాచ్య కళాశాలలో ఛందస్సు, అలంకారాలు, ప్రబంధాలు చదువుకొని వచ్చి, మా ఊరి సమీపంలోని బడిలో పాఠాలు చెప్పేవాడను. సాయంకాలం మోనేశును వీపున ఎక్కించుకొని బస్సుల అడ్డ దగ్గర ఖాజా భాయ్ నడిపే టైపింగు కేంద్రానికి తీసుకొనిపోయేవాడను. ఖాజా భాయ్ రాయచూరునుండి ఒక పాత కంప్యూటరు తెచ్చి, టైపు మిషన్ల నడుమ దానికి తెల్లని గుడ్డ కప్పి ఉంచేవాడు. అందులో ఒక మోటారుకార్ల ఆట ఉండేది. మోనేశు కుడిచేతి వేళ్ళు నాలుగు మీటల మీద పెట్టి, కొంత తడవు ఊపిరి బిగబట్టి ఆడి, తరువాత నా వైపు తిరిగి ఒకే ఒక మాట అన్నాడు: "అన్నా, ఉరికిన." పరుగెత్తడమనే క్రియను వాడు తన విషయంలో వాడగా నేను వినడం, వాడు పడిపోవడం మొదలైన తరువాత అదే తొలిసారి.

కాని ఆ యంత్రం ముసలిది. వేగం పెరిగిన కొద్దీ తెరమీది బాట ముక్కలు ముక్కలుగా వచ్చేది. మలుపు దగ్గర బొమ్మ నిలిచిపోయి, మళ్ళీ కదిలేసరికి కారు గోడకు కొట్టుకొని ఉండేది.

"పంతులు సాబ్, మీ తమ్మునికి నా డబ్బా సాలదు" అన్నాడు ఖాజా భాయ్ ఒకనాడు. "ముసలి ఎద్దునెక్కి గుర్రం లెక్క ఉరకమంటుండు."

"ఎద్దంటవేంది ఖాజా భాయ్? ఎద్దయితే తోకన్న ఆడిస్తది" అన్నాడు మోనేశు. "నీది మడుగుల పండుకున్న బర్రె."

"సూడుండ్రి! నా కరెంటు కాల్సుకుంట నన్నే తిడ్తుండు!" అని ఖాజా భాయ్ పడిపడి నవ్వినాడు. ఆ దినంనుండి తనకు వచ్చే కంప్యూటరు పత్రికలు చదివి ముగియగానే మోనేశుకే ఇచ్చేవాడు. అవి ఆంగ్లంలో ఉండేవి. నిఘంటువు తొడమీద పెట్టుకొని వాడు వాటిని జీర్ణించుకున్నాడు. వానికి కావలసినది ఆట మధ్యలో నిలిచిపోని యంత్రం. అటువంటిది తయారుగా కొనడం మావంటివారికి సాధ్యం కాదు. ముక్కలు విడివిడిగా తెచ్చుకొని ఇంటనే కూర్చుకోవాలె. అది వాడు ఎంచుకున్న దారి. వాని వేళ్ళు వాని మాట వింటున్న కాలంలోనే అది ముగియాలె. ఈ రెండవ సంగతి వాడు ఎన్నడూ నోట అనలేదు. కాని వానికీ, నాయినకూ, నాకూ తెలుసు.

ఏ భాగం దేనితో కలుస్తుందో వాడు నాకు పాఠం చెప్పేవాడు. "ప్రతి ముక్కకు ఒక మొఖముంటదన్నా. ఎదురుంగ ఉన్న ముక్క ఆ మొఖాన్ని ఒప్పుకోవాలె. బోర్డు ఒప్పుకుంటనే ప్రాసెసరు, బోర్డు ఒప్పుకుంటనే మెమరీ. అన్నిటికి బోర్డే పెద్ద."

"అంటే మా యతిమైత్రి లెక్క. ఏ అక్షరం పడితే ఆ అక్షరం కుదరదు."

"యతి తప్పితే మీ పద్యం నవ్వుకుంటనన్న సదువుతరు. గిది తప్పితే దీపం గూడ ఎలగదు."

ఈ యత్నమంతా నాయిన చిత్రిక పడుతూనే వినేవాడు. ఖర్చుకు వెనుకాడలేదు. కాని ఆయనకు ఏ పనికైనా ఒక క్రమముండేది. మా ప్రాంతంలో ఇల్లు కట్టేవారు పునాది ముగియగానే, గోడలు లేవకముందే, ద్వారబంధాన్ని నిలుపుతారు. పసుపు కుంకుమలు పూసి, మామిడాకులు కట్టి, కొబ్బరికాయ కొట్టి దర్వాజ ఎత్తుతారు. ఆనాడు వడ్రంగికి కొత్త బట్టలు పెడతారు. ఇంటివారు కూడా ఆయనకు చేతులెత్తి మొక్కే దినమది. నాయిన ఎత్తిన దర్వాజలు మక్తల్ చుట్టుపక్కల ఊళ్ళలో లెక్కలేనన్ని. గోడలు తరువాత మెల్లగా వచ్చేవి. డబ్బు చాలక ఏండ్ల తరబడి ఒంటరిగా నిలిచిన దర్వాజలను కూడా చూచినాను. కాని దర్వాజ నిలిచిందంటే ఇల్లు వచ్చినట్లే. కనుక కంప్యూటరులో తలుపు కలిగిన వస్తువు ఏదని నాయిన అడిగినాడు. భాగాలన్నిటినీ ఇముడ్చుకునే పై డబ్బాకు ముందువైపు చిన్న తలుపు ఉంటుందని నేను చెప్పినాను.

"గట్లయితే గదే ముందు తేవాలె" అన్నాడు.

"గట్ల కాదు నాయినా" అన్నాడు మోనేశు. "ముందు బోర్డు కొనాలె. బోర్డును బట్టి డబ్బా."

"దర్వాజ ఎత్తకుంట గోడ లేపుతరారా ఎవలన్న?"

"గిది ఇల్లు కాదు గద."

"ఇంట్ల పెట్టేదే గద! అన్ని పైసలు ఒక్కసారి మన చేతుల పడతయా? దర్వాజ నిలబెడితే మిగిలినయన్ని ఎనుకెనుక వస్తయి. నా మాటిను బిడ్డా."

అవ్వ కూడా కొడుకు పక్షమే వహించింది. "నీ నాయిన నిలబెట్టిన దర్వాజ ఒక్కటన్న ఒరిగిందా కొడుకా?" అన్నది. మోనేశు నా ముఖం చూచి నవ్వి, "తే అన్నా. డబ్బానే గద, ఎట్లనన్న సర్దుకుంటది" అన్నాడు. ఆనాడు అది నిజమే. ఆ రోజున దొరికే బోర్డులన్నీ ఆ డబ్బాలో ఇమిడేవే.

సికింద్రాబాదులో కంప్యూటర్ల దుకాణాలు గుంపుగా ఉండే కట్టడంనుండి ఆ డబ్బాను బస్సులో ఒడిలో పెట్టుకొని తెచ్చినాను. ఖాళీ రేకు డబ్బా. నాయిన మంచి దినం చూచి దానిని తూర్పుముఖంగా నిలిపి, పసుపు రాసి, బొట్టు పెట్టి, చిన్న మామిడి కొమ్మ కట్టి కొబ్బరికాయ కొట్టినాడు. ఖాజా భాయ్‌ను పిలిచినాము. ఆయన కొబ్బరిముక్క నములుతూ, "ఉస్తాద్, లోపల ఏం లేదు గద, ఎవలకు మొక్కాలె?" అంటే, "వచ్చేదానికి మొక్కు" అన్నాడు నాయిన.

వచ్చేది చాలా ఆలస్యంగా వచ్చింది. ఆ యేడు వానలు పడలేదు. ఆముదాలు ఎండినవి. రైతు చేతిలో డబ్బు ఆడకపోతే ఎవరూ ఇల్లు కట్టరు, వడ్రంగికి పని ఉండదు. డబ్బా మూలన పాతచీర కప్పుకొని ఉండిపోయింది. మరుసటి యేడు కొన్ని తలుపుల పని దొరికినప్పుడు, మోనేశు అన్నిటికంటె ముఖ్యమనుకున్న కార్డును తెప్పించుకున్నాడు. తెరమీద బొమ్మలను వేగంగా గీసే కార్డది. ఖాజా భాయ్ పరిచయస్థుని ద్వారా రాయచూరులో చౌకగా దొరికింది. దానిని వాడు వెలుతురుకు ఎత్తి పట్టుకొని చాలాసేపు చూచినాడు. ఆ మోచేయి కింద రెండవ చేతిని ఆసరా పెట్టుకున్నది కార్డు బరువుకు కాదని నాకు తెలుసు. అంతకు కొద్ది దినాల ముందే వాడు చొక్కా గుండీలు పెట్టుకోవడం మానినాడు.

ఇక బోర్డుకోసం నేను మళ్ళీ సికింద్రాబాదు వెళ్ళినప్పుడు, దుకాణదారు నేను చెప్పినదంతా విని, కార్డును అటూ ఇటూ తిప్పి చూచినాడు. "ఈ కార్డు కూసునే బోర్డులు కొత్త కొలతల వస్తున్నయి సార్. మీ డబ్బా పాత తీరుది. బోర్డు అందుల పట్టదు, దాని కరెంటు మూతి దీనికి కలవదు. డబ్బా మార్చుండ్రి, కొత్తది పెద్ద ఖరీదేం కాదు" అన్నాడు. నేను ఒప్పుకొని, ఇంట చెప్పి వస్తానని తిరిగి వచ్చినాను. అంత చిన్న మాటకు నాయిన ముఖం అంతగా వాడిపోతుందని నేనూహించలేదు.

"పూజ చేసిన దర్వాజను పీకుతరా?" అన్నాడు.

నిలిపిన దర్వాజను పెకలించడం మావారిలో మహా అరిష్టం. పీకిన గుంతలోకి ఆ ఇంటినుండి ఒక ప్రాణం పోతుందని నమ్మేవారు. ఎవరి ఇంట ఎప్పుడు అట్లా జరిగిందో నాయిన పేర్లతో సహా చెప్పగలడు. మా ఇంట పోవడానికి సిద్ధంగా ఉన్న ప్రాణం ఏదో ఆయనకు తెలుసు. కనుక ఆయనతో వాదించడానికి నా వద్ద శాస్త్రమేదీ లేదు. పాత డబ్బాలో పట్టే పాత బోర్డుకోసం మహబూబ్‌నగర్, రాయచూరు తిరిగినాను. ఒకటి దొరికింది, దానిలో కార్డు కూర్చునే గాడి లేదు. డబ్బాకు సరిపోయేది కార్డుకు సరిపోదు, కార్డుకు సరిపోయేది డబ్బాకు సరిపోదు. ఇట్లా ఒక ఎండకాలం, ఒక వానకాలం గడిచినవి. మోనేశు పత్రిక పుటలను మొదట వేలితో తిప్పేవాడు, తరువాత అరచేతి అంచుతో నెట్టేవాడు, ఆ తరువాత అవ్వను పిలిచేవాడు. చదువురాని అవ్వ వాని పక్కన కూర్చొని, వాని కళ్ళు పుట అడుగుకు చేరడం కనిపెట్టి, చెప్పకముందే తిప్పేది.

ఒక ఉదయం నాయిన అన్నం ముద్ద కలిపి వాని నోటికి అందిస్తున్నాడు. మోనేశు ముద్ద మింగి మెల్లగా అడిగినాడు: "దర్వాజ పీకితే నేను సస్తనని గద నాయినా నీ బుగులు?"

నాయిన చేయి ఆగింది.

"పీకకుంటే బతుకుతనా?"

అవ్వ అక్కడనే ఉన్నది. వైద్యుని మాట ఆమె విన్నది ఆ క్షణంలోనే అని నేననుకున్నాను. కాని ఆమె ముఖంలో ఆశ్చర్యం కనబడలేదు. లేచి ఆముదం గిన్నె తెచ్చుకొని వాని పాదాల దగ్గర కూర్చున్నది. నాయిన మిగిలిన ముద్దలు పెట్టి, చేయి కడుగుకొని పందిరి కిందికి పోయినాడు. కొంతసేపటికి కొయ్య కోస్తున్న రంపం చప్పుడు వినిపించింది.

ఆయన దర్వాజను పీకలేదు. రేకు డబ్బా ముందుభాగాన్ని, పసుపు మరకలున్న ఆ చిన్న తలుపుతో సహా, ఉన్నచోటనే ఉంచి, దాని వెనుక కొత్త కొలతకు టేకుతో మరొక పెట్టె కట్టినాడు. నేను కొత్త బోర్డు, ప్రాసెసరు, మెమరీ, కరెంటు పెట్టె, తెర, మీటల పలక అన్నీ తెచ్చేసరికి అది సిద్ధంగా ఉన్నది. గాలి ఆడడానికి పక్కల జాలీ చెక్కినాడు. పూజమందిరం తలుపులకు చెక్కే జాలీ వంటిదే. మోనేశు చెప్పగా నేను ఒక్కొక్క ముక్కను అమర్చినాను. "నొక్కకన్నా. దాని జాగా అది ఎతుక్కుంటది, నువ్వు ఊకె పట్టుకో" అనేవాడు. అంతా పొసగింది. ఒక్క ముక్క కూడా మొరాయించలేదు. మీట నొక్కగానే టేకుపెట్టె లోపల పంకా తిరిగింది, తెర వెలిగింది, అవ్వ దండం పెట్టింది. ఖాజా భాయ్ ఆ ఆటను ఎక్కించి, "ఇగ ఉరుకు బేటా" అన్నాడు.

వాని చేతిని నేనే తీసి మీటల మీద పెట్టినాను. తెరమీది బాట ఎక్కడా ముక్కలు కాలేదు. కొండలు, వంతెనలు, ఆకాశం అన్నీ నీటివలె సాగినవి. కాని మీట దిగలేదు. వాడు మరొక వేలితో యత్నించినాడు. కారు ఒక పక్కకు ఒరిగి, గోడను ఆనుకొని, అక్కడనే చక్రాలు తిప్పుతూ నిలిచిపోయింది. ఖాజా భాయ్ మెత్తటి మీటలున్న మరొక పలకను తెచ్చి ఇచ్చినాడు. మణికట్టు కింద దూది పెట్టి చూచినాము. మీటల కింది స్ప్రింగులను నాయిన తీసివేస్తానన్నాడు. నీ బదులు నేను నొక్కుతాను, ఎటో నువ్వు చెప్పు అని నేనంటే, "అప్పుడు నువ్వు ఉరికినట్లు అన్నా" అన్నాడు.

మా అమ్మాయి చెప్పింది - ఇప్పుడు కంటిచూపుతో నడిపే పరికరాలు ఉన్నవట, పెదవి కదలికతో, ఊపిరితో నడిపేవి కూడా ఉన్నవట. ఇల్లు కదలకుండా తెప్పించుకోవచ్చునట. భాగాల పొత్తు ఇప్పుడు ఎవరి నమ్మకానికీ, ఏ ఋతువుకూ ఆగదు. ఆకుపచ్చ గుర్తు పడితే చాలు. నేను విని సంతోషించవలసినవాడను. కాని అవి ఏవీ ఆనాడు లేవు. ఎక్కడైనా ఉన్నా మక్తల్ దాకా రాలేదు. ముక్కలన్నీ ఒకదానికొకటి పొసగిన దినానికి, వాటన్నిటితో పొసగవలసిన చేయి లేదు. ఈ మాటను ఎన్ని విధాల తిప్పి వ్రాసినా దీనిలోనుండి ఊరట తీయడం నాకు చేతకాలేదు. తరువాతి వానకాలాన్ని మోనేశు చూడలేదు. నాయిన ఆ పైన చాలాకాలం బ్రతికినాడు గాని, దర్వాజ ఎత్తడానికి ఎవరు పిలిచినా పోలేదు. చేసి ఇచ్చేవాడు, ఎత్తేవాడు కాదు.

కాని మోనేశు పోకముందు ఆ యంత్రం మా ఇంట వెలిగిన కొన్ని మాసాల సాయంకాలాలు ఇంకా మిగిలినవి. ఎవరూ మీట ముట్టుకోకుండా కొంతసేపు వదిలితే ఆ ఆటలో ఒక కారు దానంతట అదే బయలుదేరి, బాటలన్నీ చూపిస్తూ పరుగెత్తేది. అమ్మకానికి పెట్టినవారు చూపుకోసం చేసిన ఏర్పాటది. మోనేశు దానిని కనిపెట్టినాడు. నాతో చేయి మీటల మీద పెట్టించుకొని, కదలకుండా కూర్చునేవాడు. కొంతసేపటికి కారు కదిలేది. తలుపుల కొలత ఇవ్వడానికి వచ్చిన రైతులను నాయిన లోపలికి పిలుచుకొని వచ్చి, "సూడుండ్రి, మావోడు ఎట్ల నడుపుతుండో! ఏడ గూడ తాకడు" అని చూపేవాడు. వారు కండ్లు పెద్దవి చేసుకొని చూచేవారు. ఆయన తెలిసి అనేవాడో, తెలియక అనేవాడో నేను అడగలేదు. వారందరూ పోయిన తరువాత కూడా నాయిన పోయేవాడు కాదు. ఒంటినున్న పొట్టు దులుపుకొని, వాని పక్కన పీట వేసుకొని కూర్చొని, మలుపు వచ్చినప్పుడల్లా తానూ ఆ వైపుకే ఒరిగేవాడు.

"జర మెల్లగ పోనియ్యరా, ముంగట మలుపున్నది."

"సూసిన నాయినా" అనేవాడు మోనేశు. "నువ్వు ఫికర్ చెయ్యకు. గట్టిగ పట్టుకొని కూసో."